గంటం పట్టిన మహారాణి గంగాదేవి

ఆళ్లగడ్డ: ఏటా కనుమ పండుగ నాడు అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాద వరదస్వామి పల్లకీలో పార్వేటకు బయలుదేరుతారు. నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపట్ల ముప్పైకి పైగా పల్లెలు తిరుగుతారు. తన పెళ్లికి స్వామి తానే గడప గడపకు వచ్చి పిలుస్తాడని మన పెద్దలు చెబుతారు. పల్లకీ వచ్చిన రోజు ఆ ఊరికి తిరునాళ్లే. ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు. చుట్టాలు దిగుతారు. దేవుడు గుడి విడిచి ఊళ్లోకి రావడం మనకు సంబరం.

దేవుడు గుడి విడవడం సంబరం కాని కాలం ఒకటి ఉండేది. ఏడు వందల ఏళ్ల కిందట, 1323లో, శ్రీరంగంలోని రంగనాథస్వామి ఉత్సవ విగ్రహాన్ని భక్తులు ప్రాణాలరచేత పెట్టుకుని ఊరు దాటించారు. ఆ విగ్రహం కొండలు, అడవులు, పరాయి రాజ్యాలు తిరిగి తిరిగి తిరుమల చేరింది. తిరుమల వెళ్లినవారు అక్కడ రంగనాయకుల మండపాన్ని చూసే ఉంటారు. శ్రీరంగనాథుడు ఆ రోజుల్లో అక్కడ తలదాచుకున్నందువల్లనే దానికి ఆ పేరు వచ్చింది. స్వామి మళ్లీ తన గుడికి చేరింది 1371లో. అంటే నలభై ఎనిమిదేళ్లు దేవుడు కూడా పరాయి పంచన ఉన్నాడు.

ఆయన తిరిగి వెళ్లడానికి దారి వేసిన దండయాత్ర విజయనగర రాజకుమారుడు కంపరాయలది. ఆ దండయాత్రను కావ్యంగా రాసి నిలిపినది అతని భార్య గంగాదేవి. రాజుల యుద్ధాలను ఆస్థాన కవులు రాయడం, రాజులు వారికి అగ్రహారాలివ్వడం లోకంలో మామూలే. భర్త చేసిన యుద్ధాన్ని భార్యే కావ్యంగా రాయడం మాత్రం అరుదైన సంగతి. పైగా ఆమె రాసిన పుస్తకం అయిదున్నర శతాబ్దాల పాటు లోకానికి కనబడకుండా పోయి, ఒకే ఒక్క తాటాకు కట్టగా బయటపడింది. ఆ మహారాణి కథ మన ప్రాంతపు ఆడపిల్లలకు తెలియవలసిన కథ.

ఓరుగల్లు కూలిన నాడు

గంగాదేవి కథ చెప్పాలంటే ముందు కాకతీయుల పతనం చెప్పాలి. కాకతీయ ప్రతాపరుద్రుని పేరు మన ప్రాంతానికి కొత్తది కాదు. ఆయన రుద్రవరం దగ్గర విడిది చేసి బంగారంతో శివలింగం పోత పోయించబోతే అది నరసింహమూర్తిగా వచ్చిందనీ, ఆ మూర్తినే అహోబిలానికి ఇచ్చాడనీ కైఫీయత్తులో ఉన్న కథను మన వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ప్రతాపరుద్రుని రాజధాని ఓరుగల్లును 1323లో ఢిల్లీ సేనలు పట్టుకున్నాయి. ఆయనను బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదా నది ఒడ్డున చనిపోయాడు. శ్రీరంగం దోపిడీ జరిగింది కూడా ఆ ఏడే.

రాజు పోయాక దేశం చెట్టుకొకరు పుట్టకొకరు అయింది. కొన్నేళ్లకు రెడ్డిరాజులు ఒక వైపు, విజయనగరం వారు మరో వైపు తలెత్తారు. ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికి, శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. ఆయన ఆస్థానంలోని ఎర్రాప్రగడ అహోబిలం కథను నృసింహపురాణంగా తెలుగు చేశాడు. 1336లో హరిహరుడు, బుక్కడు తుంగభద్ర ఒడ్డున విజయనగర రాజ్యానికి పునాది వేశారు. మన నంద్యాల సీమ తరువాత రెండు వందల ఏళ్ల పైచిలుకు ఆ రాజ్యపు నీడలోనే ఉంది. పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చిన నంద్యాల కృష్ణరాజు కూడా విజయనగర కాలపు ప్రభువే.

దక్షిణాన పరిస్థితి వేరు. మధురలో, అంటే నేటి మదురైలో, ఢిల్లీ తరఫున అధికారిగా ఉన్న జలాలుద్దీన్ అహ్సన్ ఖాన్ 1335 ప్రాంతంలో ఢిల్లీకి ఎదురు తిరిగి తానే సుల్తానయ్యాడు. పాండ్యుల రాజధాని సుల్తానుల రాజధాని అయింది. ఆ సుల్తానులను ఎదిరించిన హొయసల రాజు మూడవ వీరబల్లాలుడు ముసలితనంలో కత్తి పట్టి కణ్ణనూరు దగ్గర ఓడి, పట్టుబడి, చంపబడ్డాడు. ఇది 1342-43 నాటి మాట. ఆ తరువాత మధుర వైపు చూసే ధైర్యం దక్షిణాన ఏ రాజుకూ లేకపోయింది.

తిక్కనకు మొక్కిన రాణి

గంగాదేవి పుట్టింటి సంగతులు ఆమె కావ్యంలోంచే ఏరుకోవాలి. ఆమె కావ్యం పేరు మధురావిజయం. వీరకంపరాయ చరితం అని మరో పేరు కూడా ఉంది. రాసింది సంస్కృతంలో. పాతకాలపు కవులు కావ్యం మొదట తమకంటే ముందటి కవులకు నమస్కరించడం ఆచారం. గంగాదేవి కూడా వాల్మీకి, వ్యాసుడు, కాళిదాసు, బాణుడు, భారవి, దండి, భవభూతి అంటూ వరుసగా అందరికీ మొక్కింది. అంతవరకు సంస్కృతం రాసేవారందరూ చేసే పనే.

ఆ వరుసలో ఆమె తిక్కనను కూడా చేర్చింది. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉండి భారతాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజికి ఒక సంస్కృత కావ్యంలో నమస్కారం! తెలుగు చదివి, తెలుగు పద్యం రుచి తెలిసినవారే ఆ పని చేయగలరు. తిక్కన తరువాత ఆమె స్మరించిన అగస్త్యుడు, గంగాధరుడు, విశ్వనాథుడు ఓరుగల్లు కాకతీయుల కాలానికి చెందిన సంస్కృత కవులు. వీరిలో విశ్వనాథుడు ఆమెకు చదువు చెప్పిన గురువని పండితుల భావన. ఈ గుర్తులన్నీ చూసి ఆమె తెలుగింటి ఆడపడుచేనని పరిశోధకులు నిర్ణయించారు. కాకతీయ వంశపు బిడ్డ అయి ఉంటుందని కొందరి అభిప్రాయం.

అదే నిజమైతే, రాజ్యం పోగొట్టుకున్న ఇంటి బిడ్డ, కొత్తగా రాజ్యం నిలబెడుతున్న ఇంటికి కోడలుగా వచ్చిందన్న మాట. ఓడిన ఇంటి వారికి ఓటమి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. తరువాత కావ్యంలో ఆమె పాడుబడ్డ ఊళ్ల గురించి అంత కడుపు మంటతో ఎలా రాసిందో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

బుక్కరాయల కోడలు

గంగాదేవి మామగారు మొదటి బుక్కరాయలు. ఆయన 1356 మొదలు 1377 వరకు విజయనగరాన్ని ఏలాడు. వేదాలకు భాష్యం రాసిన సాయణుడు ఆయన ప్రాపకంలో ఉన్నవాడే. ఉత్తర హరివంశం రాసిన తెలుగు కవి నాచన సోమనకు పెంచికలదిన్నె గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చింది కూడా ఆయనే. కత్తితో పాటు చదువుకూ చోటున్న ఇల్లు అది. అత్తగారి పేరు దేవాయి. కావ్యం మొదటి సర్గలో గంగాదేవి తన మామగారిని, అత్తగారిని, తాను కాపురానికి వచ్చిన విజయనగర పట్టణాన్ని వర్ణించింది. రెండో సర్గలో తన భర్త పుట్టుకను చెప్పింది. అత్తింటి కథను కోడలు రాసుకున్నట్టుంటుంది ఆ భాగమంతా. తెలుగునాట ఏ ఇంట్లోనైనా కోడలు మొదట నేర్చుకునేది అత్తింటి పెద్దల కథలే గదా.

ఆమె గురుభక్తి కూడా చెప్పుకోదగ్గది. కావ్యారంభంలో దేవతల తరువాత విజయనగర రాజులకు గురువైన క్రియాశక్తి అనే శైవాచార్యుని స్మరించింది. శైవ గురువుకు మొక్కిన ఆ చేతితోనే తరువాత శ్రీరంగంలో వైష్ణవ దేవుని దురవస్థ చూసి కన్నీళ్లు పెట్టుకుంటూ రాసింది. శివుడూ విష్ణువూ అనే తేడా ఆమె బాధకు అడ్డు రాలేదు. మహానందిలో శివునికి మొక్కి అహోబిలంలో నరసింహునికి మొక్కే మన ప్రాంతం వారికి ఇది వింతగా తోచదు.

కంచి దాకా కదిలిన సేన

మూడో సర్గలో బుక్కరాయలు కొడుకును పిలిచి బుద్ధులు చెబుతాడు. వయసు మదం, డబ్బు మదం మనిషిని ఎలా చెడగొడతాయో చెప్పి, రెండు పనులు అప్పగిస్తాడు. మొదట తొండమండలాన్ని ఏలుతున్న శంబువరాయని గెలవాలి. ఆ పైన మధుర సుల్తానును గెలవాలి.

కంపరాయలు ముళబాగిలు సీమ మీదుగా తమిళ దేశంలోకి దిగాడు. పాలారు ఒడ్డున విరించిపురం దగ్గర దండు విడిసింది. రాజగంభీరం కోటలో శంబువరాయలకూ కంపరాయలకూ జరిగిన పోరును గంగాదేవి నాలుగో సర్గలో రాసింది. 1360 తరువాత కొద్ది ఏళ్లలోనే కంచి చుట్టుపట్ల దేశమంతా విజయనగరం చేతికి వచ్చింది. కంపరాయలు కంచి ప్రాంతంలో నిలిచి పరిపాలన సాగించాడు. గోపన్న, సోమప్ప వంటి దండనాయకులు అతని కుడి ఎడమ చేతులు. తరువాత వంద ఏళ్లకు విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహుని పూర్వికుడు సాళువ మంగు కూడా ఈ దండయాత్రలో పాల్గొన్నవాడే.

అయిదు, ఆరు సర్గల్లో యుద్ధం లేదు. రాజు కొలువు, రుతువులు, పూదోటలు, జలక్రీడలు. ఏడో సర్గలో సాయంకాలం, చీకటి, చంద్రోదయం వస్తాయి. అక్కడ ఒక ముచ్చట ఉంది. వెన్నెలను వర్ణించి చెప్పమని రాజు గంగాదేవిని అడుగుతాడు. ఆమె చెబుతుంది. అంటే తన కావ్యంలో తనకు తానే ఓ చోటు పెట్టుకుంది. రాణిగా నగలు ధరించి కూర్చున్నట్టు కాదు. భర్త అడిగితే కవిత్వం చెప్పిన మనిషిగా కనిపిస్తుంది. భర్తకు తన భార్య విద్య మీద గౌరవం ఉందని, ఆ గౌరవాన్ని ఆమె విలువైనదిగా భావించిందని ఈ ఒక్క ఘట్టం వల్ల తెలుస్తుంది.

కావ్యానికి గుండె ఎనిమిదో సర్గ

వెన్నెల గడిచిన వెంటనే ఎనిమిదో సర్గ మొదలవుతుంది. ఒక స్త్రీ రాజు ముందుకు వస్తుంది. ఆమె మామూలు స్త్రీ కాదు, దక్షిణ దేశపు దేవతే ఆడమనిషి రూపంలో వచ్చిందని కావ్యం భావం. ఆమె తన ఊళ్లకు పట్టిన గతిని ఒక్కొక్కటే చెబుతుంది. శ్రీరంగంలో గోపురం నుంచి ఇటుకలు రాలుతుంటే స్వామి మీద పడకుండా ఆదిశేషుడే పడగ అడ్డం పెడుతున్నాడంటుంది. జంబుకేశ్వరం, చిదంబరం గుళ్లు పాడుబడిన తీరు చెబుతుంది. తలుపులు చెదలు తిన్నాయనీ, మండపాల్లో చెట్లు మొలిచాయనీ, మద్దెల మోగిన చోట నక్కలు కూస్తున్నాయనీ చెబుతుంది. మధుర తోటల్లో కొబ్బరి చెట్లు నరికివేశారనీ, వాటి చోట మనుషుల తలలు గుచ్చిన కొయ్యలు నిలబడ్డాయనీ చెబుతుంది. ఊళ్లలో వేదం చదివే గొంతు లేదని, నదుల్లో తేట నీరు లేదని వాపోతుంది.

ఊరు పాడవడం అంటే ఏమిటో మన వాళ్లకు వేరే చెప్పాలా? కరువు వచ్చి వలసపోయిన ఇళ్లు మన సీమలో ఎన్ని చూడలేదు? తాళం వేసిన తలుపు, దీపం లేని గూడు, తుమ్మచెట్టు మొలిచిన వాకిలి మనకు తెలిసినవే. గంగాదేవి యుద్ధాన్ని రాజుల పౌరుషం వైపు నుంచి మొదలుపెట్టలేదు. పాడుబడిన వాకిలి వైపు నుంచి మొదలుపెట్టింది. యుద్ధం ఎందుకు చేయాలో రాజుకు మంత్రి చేత గాని, సేనాపతి చేత గాని చెప్పించలేదు. ఒక ఆడమనిషి చేత చెప్పించింది. ఈ కావ్యం మగవాడు రాసి ఉంటే ఇలా ఉండేదా అనిపిస్తుంది.

ఆ స్త్రీ చివరకు రాజు చేతిలో ఒక ఖడ్గం పెడుతుంది. అది ఒకప్పుడు పాండ్య రాజుల చేతిలో ఉన్న దివ్యఖడ్గమనీ, పాండ్యులు బలహీనులయ్యాక అగస్త్య మహర్షి పంపగా కంపరాయలకు అందిందనీ కథ.

మధుర గెలుపు

చివరి సర్గలో యుద్ధం జరుగుతుంది. కంపరాయలు సుల్తానును ద్వంద్వ యుద్ధంలో సంహరించినట్టు గంగాదేవి రాసింది. చరిత్రకారులు దీన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోరు. మధుర సుల్తానుల నాణేలు 1377-78 వరకు దొరుకుతున్నాయి. అంటే కంపరాయలు గెలిచాక కూడా సుల్తానుల పోరు కొన్నాళ్లు సాగి, అప్పటికి గాని పూర్తిగా అంతం కాలేదు. కావ్యంలో రాజుకు కొంత ఎక్కువ గెలుపు రావడం వింత కాదు. పైగా రాసినది భార్య.

అయితే మూల కథ నిజమని శాసనాలు సాక్ష్యం చెబుతున్నాయి. 1371లో కంపరాయల దండనాయకుడు గోపన్న రంగనాథస్వామిని తిరుమల నుంచి మొదట తాను ఉన్న సెంజి ప్రాంతానికి తీసుకువచ్చి, అక్కడి నుంచి శ్రీరంగానికి చేర్చి, మళ్లీ ప్రతిష్ఠ చేయించాడు. ఆ సంగతి శ్రీరంగం గుడి గోడ మీద శక సంవత్సరం 1293తో చెక్కి ఉంది. మధుర మీనాక్షి గుడి తలుపులు కంపరాయలు తెరిపించినప్పుడు, మూసిన నాటి దీపం వెలుగుతూనే ఉందనీ, అమ్మవారి మెడలో పూలమాల వాడలేదనీ మదురైలో నేటికీ చెప్పుకుంటారు. అది భక్తుల నమ్మకం. కాని గుడులు తెరుచుకున్నమాట నిజం. మూసిన గుడి తలుపు తెరుచుకుంటే ఊరికి ప్రాణం వచ్చినట్టుంటుందన్నది దానికంటే పెద్ద నిజం.

ఈ గెలుపు తరువాత కంపరాయలు ఎక్కువ కాలం బతకలేదు. 1374లో తండ్రి కంటే ముందే కన్నుమూశాడు. అందువల్ల విజయనగర సింహాసనం అతనికి దక్కలేదు. బుక్కరాయల తరువాత మరో కొడుకు రెండవ హరిహరరాయలు రాజయ్యాడు. సింహాసనం ఎక్కని రాజకుమారుల పేర్లు లోకం త్వరగా మరచిపోతుంది. కంపరాయల పేరు మిగలడానికి శ్రీరంగం, మదురై గుళ్లు ఒక కారణమైతే, ఆయన భార్య రాసిన పుస్తకం మరో కారణం.

మతాల పోరనవచ్చునా

ఈ కథను కొందరు హిందువులకూ ముస్లిములకూ జరిగిన పోరుగానే చెబుతుంటారు. పూర్తిగా చదివితే అంత తేలికగా చెప్పలేము. కంపరాయలు మొదట యుద్ధం చేసిన శంబువరాయలు హిందువే. మధుర మొదటి సుల్తాను ఎదిరించింది ఢిల్లీ సుల్తానును. మధురలో ఆనాడు జరిగిన క్రూరత్వాన్ని గంగాదేవి ఒక్కతే చెప్పలేదు. 1340 తరువాత కొద్ది ఏళ్లకు అక్కడికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబన్ బటూటా కూడా రాశాడు. ఆయన ముస్లిం. అంతే కాదు, నాటి సుల్తాను గియాసుద్దీన్‌కు స్వయాన తోడల్లుడు. తోడల్లుడే తప్పు పట్టాడంటే ఆ పాలన ఎలాంటిదో తెలుసుకోవచ్చు. చెడ్డ పాలకుడిని తప్పు పట్టడానికి మతం అడ్డు రాలేదు.

ఆ తరువాత డెబ్బై ఎనభై ఏళ్లకే విజయనగరంలో రెండవ దేవరాయలు ముస్లిం విలుకాండ్రను తన సేనలో చేర్చుకుని, వారికి మసీదు కట్టించాడు. పీర్ల పండుగలో అన్ని కులాల వారూ అగ్నిగుండం చుట్టూ చేరే మన పల్లెల వారు ఈ చరిత్రను పగ పెంచుకోవడానికి కాక, పాలకుడు ఎలా ఉండకూడదో తెలుసుకోవడానికి చదవాలి.

తాటాకుల్లో అయిదున్నర శతాబ్దాలు

కావ్యం రాయడం ఒక ఎత్తు, అది నిలవడం మరో ఎత్తు. ఆ రోజుల్లో అచ్చు లేదు. తాటాకు మీద ఇనుప గంటంతో గీరి, గీతల్లోకి మసి రాసి తుడిస్తే అక్షరం కనబడుతుంది. పురుగు పట్టకుండా నూనె పూయాలి, తేమ తగలకుండా గుడ్డలో చుట్టి ఉంచాలి. ఎంత జాగ్రత్తగా చూసినా తాటాకు ఆయుష్షు రెండు మూడు వందల ఏళ్లు. ఆ లోగా మరొకరు కూర్చుని కొత్త ఆకుల మీద తిరగరాయాలి. తిరగరాసేవారు లేకపోతే పుస్తకం అక్కడితో సరి.

గంగాదేవి కావ్యాన్ని అలా తిరగరాసిన వారి పేర్లు లోకానికి తెలియవు. 1916లో తిరువనంతపురంలో ఒక పాత గ్రంథాల సేకరణలో పండిత ఎన్. రామస్వామిశాస్త్రి గారికి ఒక కట్ట దొరికింది. వేరే రెండు గ్రంథాల మధ్య ఇరుక్కుని ఈ కావ్యం ఉంది. ఆకులు కొన్ని విరిగాయి, కొన్ని పోయాయి. ఎనిమిదో సర్గకూ చివరి సర్గకూ మధ్య కొంత భాగం లేదు. ఉన్నది సుమారు అయిదు వందల శ్లోకాలు. హరిహరశాస్త్రి, శ్రీనివాసశాస్త్రి గార్లు దాన్ని 1924లో అచ్చు వేయించారు. అప్పటి వరకు గంగాదేవి అనే కవయిత్రి ఉన్నట్టే లోకానికి తెలియదు. తరువాత 1957లో అణ్ణామలై విశ్వవిద్యాలయం వారు తిరువేంకటాచారి గారి ఇంగ్లీషు అనువాదంతో ప్రచురించారు. 1969లో మన తెలుగువారైన పోతుకుచ్చి సుబ్రహ్మణ్యశాస్త్రి గారు సంస్కృత వ్యాఖ్యతో వెలువరించారు.

అయిదున్నర శతాబ్దాల తరువాత రాణి గొంతు మళ్లీ వినబడింది. ఆ ఒక్క కట్ట పొయ్యిలోకి పోయి ఉంటే, ఏట్లో కలిసి ఉంటే, మధుర విజయం మాట రాతి శాసనాల్లో రెండు మూడు పంక్తులతో ముగిసేది. పాడుబడ్డ ఊళ్ల దుఃఖం చెప్పిన ఆడమనిషి గొంతు మనకు అందేది కాదు.

గంగాదేవి తరువాత విజయనగరంలోనే అచ్యుతరాయల కాలంలో తిరుమలాంబ వరదాంబికా పరిణయం రాసింది. తంజావూరులో రఘునాథనాయకుని కొలువులో రామభద్రాంబ రఘునాథాభ్యుదయం రాసింది. ఇవీ తాటాకుల్లోంచే బయటపడ్డాయి. మనకు పొరుగున కడప సీమలో తాళ్లపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం చెప్పింది. కుమ్మరింట పుట్టిన మొల్ల రామాయణం రాసింది. రాణి రాసినా కుమ్మరి బిడ్డ రాసినా అక్షరం ఒకటే. అది నిలవాలంటే దాచేవాళ్లు కావాలి.

మన అటకల మీద ఏముంది

ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, రుద్రవరం వైపు పాత మిద్దెలు పడగొట్టి కొత్త ఇళ్లు కట్టుకుంటున్నారు. అటకల మీద, గాదెల పక్కన పాత తాటాకు కట్టలు బయటపడుతుంటాయి. చదవడం ఎవరికీ రాదు. పెద్దల నాటివి కదా, కాళ్ల కింద పడకూడదని భయభక్తులతో కుందూలోనో వక్కిలేట్లోనో కలిపేస్తారు. భక్తి మంచిదే. కాని ఆ కట్టలో ఏముందో ఎవరికి తెలుసు? పొలం లెక్కలు ఉండవచ్చు, వైద్యం ఉండవచ్చు, యక్షగానం ఉండవచ్చు, ఏ ఇల్లాలో రాసుకున్న పాటలుండవచ్చు. రెండు వందల ఏళ్ల కిందట మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు రాయించి ఉండకపోతే రుద్రవరంలో ప్రతాపరుద్రుని కథ మనకు మిగిలేదా?

ఇంట్లో తాటాకు కట్ట కనబడితే కడగవద్దు. ఎండలో పెట్టవద్దు. తాడు గట్టిగా లాగి విప్పవద్దు. పొడి నూలు గుడ్డలో చుట్టి, రెండు చెక్కల మధ్య పెట్టి, తెలుగు గాని సంస్కృతం గాని చెప్పే దగ్గరి ఉపాధ్యాయునికి చూపించాలి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థ ఇలాంటి గ్రంథాలను భద్రపరుస్తోంది. కట్ట ఇవ్వడం ఇష్టం లేకపోతే ఫోటోలు తీయించి పెట్టినా చాలు. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఫోను ఉంది. గంగాదేవి కావ్యాన్ని తిరగరాయడానికి ఒక మనిషి నెలల తరబడి కూర్చోవలసి వచ్చింది. మనకు ఒక పూట చాలు.

రెండో సంగతి ఆడపిల్లల చదువు. గంగాదేవికి గురువును పెట్టి చదువు చెప్పించారు గనుకనే ఆమె రాయగలిగింది. వెన్నెలను వర్ణించమని భర్త అడిగాడు గనుకనే ఆమె గొంతు విప్పింది. రాణికైనా ఈ రెండూ ఉంటేనే సాగింది. పదో తరగతి కాగానే పిల్లను బడి మాన్పించి పెళ్లి చూపులకు కూర్చోబెట్టే ఇళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఆ పిల్లల్లో ఎవరు ఏమి రాయగలిగేవారో మనకు ఎన్నటికీ తెలియకుండా పోతుంది.

ఆళ్లగడ్డ శిల్పుల ఉలి దేశమంతటికీ విగ్రహాలు పంపుతోంది. దేవుళ్లకు, నాయకులకు మన రాతిలో ప్రాణం పోస్తున్నారు. ఏదో ఒక రోజు ఏ ఆడపిల్లల బడి వాకిట్లోనైనా చేత గంటం, ఒడిలో తాటాకు పట్టుకుని కూర్చున్న ఒక రాణి బొమ్మ నిలిస్తే బాగుంటుంది. పార్వేట పల్లకీ ఆ దారిన వెళ్లేటప్పుడు, శ్రీరంగని వనవాసాన్ని అక్షరాల్లో దాచిన తల్లి ఈమె అని పెద్దలు పిల్లలకు చూపించవచ్చు. ఉపాధ్యాయులు, గ్రామ పెద్దలు ఈ విషయం ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉంది.